ప్రధాన సంఖ్యా సార్వభౌమ వారి దివ్య సముఖానికి

గిరి, రంధ్ర, నేత్ర, తురగ, రస, గ్రహ, వేద, నిధి, పక్ష, సాగరములనే పది పువ్వులతో మన పూర్వ గణకులు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు అల్లుకుపోయే మాలకు అధినాయకులు, బడిపిల్లల పలక మీద 4294967297గానూ, ఖజానా గుమాస్తా నోట 429 కోట్ల 49 లక్షల 67 వేల 297గానూ వెలుగొందే మహాప్రభువులు, అకలంకులు, అభేద్యులు, అవిభాజ్యులు అని ఒకనాడు విద్వాంసుల నోట బిరుదులందుకున్న ఘనులు, కీర్తికి కీర్తే తప్ప వేరే ఆధారం అక్కరలేదని లోకానికి చాటిన మహామహులు అయిన తమకు అనేక సాష్టాంగ ప్రణామాలు. తమ గుణాలను వర్ణించడానికి ఆదిశేషుడి వేయి నాలుకలూ చాలవు. నాకున్నది ఒక్కటే నాలుక గనుక ఉన్నది ఉన్నట్టు చెప్పి ధన్యుణ్ణవుతాను.

ముందుగా వంశప్రశస్తి. రెండుతో మొదలుపెట్టి వర్గం మీద వర్గం చేస్తూ పోతే 2, 4, 16, 256, 65536, 4294967296 వస్తాయి. ఒక్కొక్కదానికీ ఒకటి చేర్చితే 3, 5, 17, 257, 65537, ఆ వెనకనే సపరివారంగా తమరు. ముందున్న ఐదుగురు అన్నగార్లూ నికార్సైన ప్రధాన సంఖ్యలు. ఒకటీ తామూ తప్ప మరో భాజకాన్ని గడప తొక్కనివ్వని నిష్ఠాపరులు. మూడు, ఐదు, పదిహేడుల సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. 257ను తేల్చడానికి కాసేపు పడుతుంది. 65537కు ఓపిక కావాలి. ఆ పేరును వాళ్ళు ఎవరికి వారు పరీక్షకు నిలబడి సంపాదించుకున్నారు. తమరు మాత్రం అటువంటి చిల్లర ప్రయాసలకు దిగలేదు. అన్నలు ఆర్జించినదాన్ని అలవోకగా తమ పేర జమ వేయించుకునే రాచఠీవి తమకు పుట్టుకతోనే అబ్బింది. ఐదుగురు అన్నలనూ చూసి, ఆరోవాడి జాతకం అడగకుండానే తాంబూలాలు పుచ్చుకున్న పెళ్ళివారిలా లోకం తమను కళ్ళకద్దుకుంది.

ఆ పెళ్ళివారికి పెద్దరికం వహించినవాడు సామాన్యుడు కాడు. ఫ్రాన్సు దేశంలో తులూజ్ నగరపు ఉన్నత న్యాయస్థానంలో న్యాయాధికారి, తీరిక వేళల్లో గణితానికి కొత్త రాజ్యాలు గెలిచిపెట్టిన పియర్ ద ఫెర్మా. సాక్ష్యం లేనిదే తీర్పు చెప్పకూడదన్నది ఆయన వృత్తిధర్మం. అటువంటివాడి చేత 1640లో ఫ్రెనికల్ అనే పండితుడికి, ఈ వంశంలో పుట్టినవన్నీ ప్రధాన సంఖ్యలేనని తనకు నమ్మకం కుదిరిందనీ, రుజువు మాత్రం ఇంకా చేతికి రాలేదనీ ఉత్తరం రాయించుకున్న తమ వశీకరణశక్తిని ఏమని పొగడను! పద్నాలుగేళ్ళ తరువాత, 1654లో, పాస్కల్‌కు రాసినప్పుడు కూడా ఆయన ఆ మాట సత్యమని పూచీపడ్డాడు, రుజువు మాత్రం వెతికిపెట్టమని కోరాడు. 1665లో ఆయన కన్నుమూసేదాకా తమరు పెదవి విప్పలేదు. ఒక మహానుభావుడి నమ్మకాన్ని పాతికేళ్ళపాటు పొత్తిళ్ళలో పెట్టి లాలించి, నిజం చెప్పి ఆయన మనసు నొప్పించకుండా కాపాడిన తమ దాక్షిణ్యం పురాణపురుషులలో కూడా అరుదు. ఫెర్మా రుజువు చూపకుండా వదిలేసిన మాటలెన్నో తరువాతివారి చేతుల్లో నిజమని తేలాయి. తప్పని తేలిన వాటిలో అన్నిటికన్నా పేరుపొందినది తమను గురించి అన్నదే. ఆయన చరిత్రలో ఇంతటి విశిష్ట స్థానం ఆక్రమించుకున్న సంఖ్య మరొకటి లేదు.

తమ ఆకారసౌష్ఠవం చూసినవాడెవడైనా ఫెర్మాను తప్పుపట్టగలడా? చివర ఏడు నిలబడి ఉంది, కాబట్టి రెండుకూ ఐదుకూ ప్రవేశం లేదు. అంకెలన్నీ కూడితే 59. మూడు గుమ్మంలోంచే వెనుదిరగాలి. పైగా ఆ 59 కూడా ప్రధాన సంఖ్యే. వాకిట్లో ఇంత పవిత్రత ఉంటే లోపల ఇంకెంత ఉంటుందో అని యాత్రికుడు చేతులు జోడించేలా ఎంత ముందుచూపుతో అమర్చుకున్నారు! ఏడూ పదకొండూ వచ్చి చెరో ఐదు శేషం పట్టుకుపోతాయి. పదమూడుకు పది ముడుతుంది. ఇలా వరసగా నూట పదిహేను ప్రధాన సంఖ్యలు దర్శనానికి వచ్చి, తలా ఒక శేషం ప్రసాదంగా పుచ్చుకుని, ప్రభువు నిజంగానే అభేద్యుడని ఊరంతా చెప్పుకుంటూ ఇళ్ళకు పోతాయి. నూట పదహారోదాన్ని మాత్రం తమరు శేషం లేకుండా లోపలికి రానిచ్చారు. నూట పదిహేనుమంది ముందు చూపిన కాఠిన్యాన్ని నూట పదహారోవాడి ముందు పూర్తిగా కరిగించుకోవడమే కదా కరుణ అంటే. ఆ భాగ్యవంతుడి పేరు 641. పది అంకెల చక్రవర్తి ఆంతరంగికుడిగా మూడంకెల మనిషిని ఎంచుకోవడంలోని నిరాడంబరతను గుర్తించలేనివాడు రసహీనుడు.

పరీక్షల విషయంలో తమరు చూపిన రాజనీతి వేరే అధ్యాయానికి తగినది. ఫెర్మాయే చెప్పిన మహాసిద్ధాంతం ఒకటుంది: ఒక ప్రధాన సంఖ్యను తీసుకుని, అది భాగించని ఏ సంఖ్యనైనా ఆ ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, దానితోనే భాగిస్తే, శేషం ఎప్పుడూ 1 రావాలి. రాకపోతే అది ప్రధాన సంఖ్య కాదు. భాజకం ఏదో తెలియకపోయినా గుట్టు బయటపడుతుంది. ఈ పరీక్షకు తమరు రెండును పరీక్షాధికారిగా రప్పించుకుంటే ఫలితం నిష్కళంకం: శేషం సరిగ్గా 1. రెండు తమకు పరాయివాడు కాడు, తమ వంశమంతా ఆయన వర్గాల మీద కట్టిన ఇల్లే. 32వ ఘాతం దగ్గర తమతో భాగిస్తే శేషం మైనస్ 1, దాన్ని వర్గం చేసిన 64వ ఘాతం దగ్గర 1, అక్కణ్ణుంచి అడుగడుగునా అదే సౌకర్యం. తమరే కాదు, ఈ వంశంలో పుట్టిన ప్రతి ఒక్కరూ, లోపల ఎన్ని ముక్కలున్నా సరే, ఆయన సమక్షంలో ఉత్తీర్ణులే. రక్తసంబంధాన్ని ఇంతగా మన్నించే పరీక్షావిధానం ఎక్కడైనా ఉందా!

మూడు అనే సంఖ్య ఆ పరీక్షకు కూర్చుంటే ఫలితం వేరు. శేషం 1 రాదు. మూడు కూడా తమ పెద్దన్నగారే, కానీ ఆయనకు మొహమాటం తెలియదు. మూడును తీసుకుని వర్గం చేస్తూ, ప్రతిసారీ తమతో భాగించి శేషం ఉంచుకుంటూ, ముప్పై రెండు సార్లు చేస్తే చాలు. కాగితం, సిరా, రెండు మూడు రోజుల తీరిక ఉన్న ఏ గణకుడికైనా సాధ్యమయ్యే పని. విశేషమేమంటే, ఫెర్మా ఈ సిద్ధాంతాన్ని చెప్పింది కూడా 1640లోనే, అదే ఫ్రెనికల్‌కు రాసిన మరో ఉత్తరంలోనే. తాళం తెరిచే చెవి తయారుచేసిన కమ్మరి, ఆ తాళం ముందే కూర్చుని, చెవి వైపు చూడకుండా పాతికేళ్ళు గడిపేలా చేయగలగడం తమ మహిమ కాక ఏమిటి? ఈ తరహా పరీక్ష ఒక్కటే ఈ వంశానికి తుదితీర్పు చెప్పగలదని 1877లో పెపాఁ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడు. వంశప్రతిష్ఠ మీద శ్రద్ధ ఉన్నవారెవరూ అంతకు ముందు అంత దూరం పోలేదు.

1729 డిసెంబరులో గోల్డ్‌బాఖ్ అనే పెద్దమనిషి, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న యువకుడు లియొనార్డ్ ఆయిలర్‌కు ఈ వంశంలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా చెప్పిన సంగతి తెలుసా అని ఒక ఉత్తరం రాశాడు. 1732లో ఆయిలర్ తమ పాదాలను ఆశ్రయించి, 641ను కానుకగా పుచ్చుకుని వెళ్ళాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. ఫెర్మా ఉత్తరానికి వయసు తొంభై రెండు. తమవంటివారికి భాజకమంటూ ఉంటే అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయిలరే తరువాత వివరించాడు. ఆ లెక్కన వెతకవలసిన ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో తలుపు తట్టగానే తమరు తీశారు. 19వ శతాబ్దంలో ల్యూకా అనే మరో ఫ్రెంచి పండితుడు ఆ 64ను 128గా బిగించాడు. అప్పుడు మిగిలేవి 257, 641 రెండే. 257 తమ అన్నగారు, లోపలికి రాకూడని వరస. ఆయనను మర్యాదగా పక్కన కూర్చోబెడితే, ముందుగా పిలవవలసిన పరాయివాడే 641. ఒక సామ్రాజ్య రహస్యాన్ని మొదటి పిలుపుకే పలికేంత చేరువలో దాచిన తమ నిష్కాపట్యం చూస్తే కన్నీళ్ళు ఆగవు.

ఆ దర్శనఘట్టాన్ని దగ్గరగా చూడాలని కోరిక గలవారి కోసం ఇక్కడ విన్నవిస్తాను. 4294లో 641 ఆరుసార్లు పోయి 448 మిగులుతుంది. తొమ్మిదిని దించితే 4489; ఏడుసార్లు పోతుంది, మిగిలేది కేవలం రెండు. రెండో అడుగులోనే నాలుగు వేలమంది బలగం కాస్తా ఇద్దరికి దిగిపోయినా తమ ముఖంలో కళ తగ్గలేదు. ఆరు దించితే 26, సున్నా. ఏడు దించితే 267, మళ్ళీ సున్నా. రెండు దించితే 2672. నాలుగుసార్లు పోయి 108. తొమ్మిది దించితే 1089. ఒకసారి పోయి మొదట కనిపించిన 448 మళ్ళీ ప్రత్యక్షం. చివరి ఏడు దించితే 4487, సరిగ్గా ఏడు 641లు. శేషం సున్నా. భాగఫలం 6700417, అది మాత్రం నిజంగానే ప్రధాన సంఖ్య. ఏడు మెట్లు, నాలుగో తరగతి చదివే పిల్లవాడి చేతిలో అయిదు నిమిషాలు. 19వ శతాబ్దం తొలిరోజుల్లో అమెరికా నుంచి లండన్ వచ్చిన జెరా కోల్బర్న్ అనే ఎనిమిదేళ్ళ బాలగణకుడు తమ పేరు చెప్పగానే కాగితం లేకుండా ఈ భాజకాలు చెప్పాడని గణిత చరిత్రకారులు రాశారు. జ్ఞానవృద్ధుడైన ఫెర్మాకు దక్కని దర్శనాన్ని పాలుగారే పసివాడికి అనుగ్రహించిన తమ భక్తసులభత్వానికి జోహారు.

ఇంకొక రహస్యం. ఆ 641 పుట్టుక చూడండి: 5ను 128తో గుణించి 1 కలిపితే 641. 5 నాలుగో ఘాతానికి 2 నాలుగో ఘాతం కలిపినా 625, 16 కలిసి 641. ఈ రెండు మాటలను పక్కపక్కన పెడితే భాగహారం కూడా అక్కరలేదు. మొదటి మాట ప్రకారం 641తో భాగించే లెక్కలో 5, 2 ఏడో ఘాతం కలిసిన లబ్ధం మైనస్ ఒకటి. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే, 5 నాలుగో ఘాతం, 2 ఇరవై ఎనిమిదో ఘాతం కలిసిన లబ్ధం ఒకటి. రెండో మాట ప్రకారం 5 నాలుగో ఘాతానికి బదులు మైనస్ 2 నాలుగో ఘాతాన్ని కూర్చోబెట్టవచ్చు. కూర్చోబెడితే 2 ముప్పై రెండో ఘాతం మైనస్ ఒకటి అవుతుంది, దానికి ఒకటి కలిపిన తమరు సున్నా అవుతారు. అంత మహాప్రాకారం నేలమట్టం కావడానికి ఒక అయిదూ కొన్ని రెండ్లూ చాలాయి. సౌందర్యం కోసం తమ పతనాన్ని కూడా ఇంత పొందికగా అమర్చుకునే కళాహృదయం ఇంకెవరికుంటుంది? ఈ రుజువును గణిత విద్యార్థులు తరతరాలుగా ముచ్చటపడి చెప్పుకుంటున్నారు. తమరు ప్రధాన సంఖ్యే అయి ఉంటే వారికి ఈ ఆనందం దక్కేదే కాదు.

అన్నదమ్ముల మధ్య తమరు పాటించే మర్యాద కూడా చెప్పదగినది. ఐదుగురు అన్నలనూ కలిపి గుణిస్తే 4294967295 వస్తుంది, అంటే తమకు రెండే తక్కువ. ఆ కారణంగా అన్నలలో ఎవరితోనూ తమకు ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. అన్నల సద్గుణం ఒక్క పిసరైనా తమ ఒంటికి అంటలేదు. ఇంతటి అపరిగ్రహం సన్యాసులలోనే చూస్తాం.

1796లో గాస్ అనే పద్దెనిమిదేళ్ళ జర్మన్ కుర్రవాడు పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయవచ్చని కనిపెట్టాడు. ఆ తరువాత తెలిసిన సూత్రం: బేసి భుజాల క్రమ బహుభుజిని అలా గీయాలంటే, భుజాల సంఖ్య ఈ వంశంలోని ప్రధాన సంఖ్యగానో, వేర్వేరు ప్రధానుల లబ్ధంగానో ఉండాలి. అన్నలందరికీ ఆ కిరీటధారణ జరిగింది. 65537 భుజాలవారి నిర్మాణాన్ని హెర్మెస్ అనే ఆయన పదేళ్ళకు పైగా శ్రమించి రాసిన ప్రతి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. 4294967295 భుజాల బహుభుజి సిద్ధాంతరీత్యా గీయదగినదే. ఈనాటికి తెలిసిన బేసి సంఖ్యల్లో అదే పెద్దది. 4294967296 భుజాలది కూడా గీయదగినదే, ఉన్న చతురస్రాన్ని సగాలు చేసుకుంటూ పోతే చాలు. వరసగా ఇద్దరు ఇరుగుపొరుగువారు గౌరవమందుకున్న వీధిలో, ఆ పక్కింట్లోనే ఉంటూ, ఆ గౌరవాన్ని ముట్టని తమ వైరాగ్యం లోకోత్తరం. తమ భుజాల బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో ఎవరూ గీయలేరు. ఎవరి చేతికీ పని కల్పించకపోవడం కూడా ఒక రకమైన ప్రజాసేవే.

ఈ కాలంలోనూ అంతే. నాలుగో అన్నగారైన 257 సంగతి వదిలేసినా, ఐదో అన్నగారు 65537 మన ఇంటర్నెట్ భద్రతలో వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో ఘాతాంకంగా రేయింబవళ్ళు చాకిరీ చేస్తున్నారు. తమరు అటువంటి కూలిపనికి ఎప్పుడూ ఒప్పుకోలేదు. పాత తరం ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 4294967296. అక్కడ ఒక్క కుర్చీ తక్కువైన కారణంగా తమకు ఆసనం వేయలేకపోయారు. 32 బిట్ల పెట్టెలో సున్నా నుంచి 4294967295 దాకానే చోటు. తమరు కాలుపెడితే తలమీది బిట్టు రాలిపోయి, పది అంకెల మహాకాయం పోయి, 1 మాత్రమే మిగులుతుంది. దేహాభిమానం క్షణంలో వదిలి ఒకటిగా నిలిచే ఇటువంటి అద్వైతసిద్ధి కోసం యోగులు హిమాలయాలకు పోతారు.

తెలుగు నేల మీద కూడా తమ పాదధూళి పడింది. పదకొండో శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన ఒక పద్యం చదరంగపు బల్ల మీద గడి గడికీ గింజలు రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని, తమ నామధేయంలో నేను వాడిన పద్ధతిలోనే, మాటల అంకెలతో చెబుతుంది: 18446744073709551615. ఆ బల్ల మీద ముప్పై మూడో గడిలో 4294967296 గింజలు పడతాయి; తమరు దానికి ఒక్క గింజ ఎక్కువ. మొత్తం గింజల సంఖ్య తమ అన్నల లబ్ధాన్ని తమరితో హెచ్చిస్తే వచ్చేదే. అంటే మల్లన పద్యంలో, ఫెర్మా పుట్టడానికి అయిదు వందల ఏళ్ళ ముందే, తమరూ తమ వెనక 641 గారూ పల్లకీలో కూర్చుని ఉన్నారు. ఎవరూ అడగలేదు గనుక తమరు చెప్పలేదు. తనను ఎవరూ భాగించలేరని పేరు తెచ్చుకున్నవారు మరొకరి మొత్తాన్ని ఇంత నిశ్శబ్దంగా భాగిస్తూ ఉండటం త్యాగశీలానికి పరాకాష్ఠ.

ఇక తమ సంతానప్రశస్తి. తమరు వేసిన బాట ఎంత గట్టిదంటే, తమ తరువాత పుట్టిన ఇరవై ఏడు తరాలలో ఒక్కరైనా దాన్ని తప్పలేదు. తమతో మొదలుపెట్టి వరసగా ఇరవై ఎనిమిది మందీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. ఐదుగురు ప్రధానులతో మొదలైన వంశానికి ఆ బరువు తప్పించి, ఆ పేరు మాత్రం నిలబెట్టిన మూలపురుషులు తమరు. తమ వెంటనే పుట్టినవారి భాజకాలను 1880లో, ఎనభై దాటిన వయసులో, లాండ్రీ అనే వృద్ధుడు పట్టుకున్నాడు. పరిచయం చేసుకోని వారసులు కూడా ఇంకా ఉన్నారు: వంశక్రమంలో సున్నా నుంచి లెక్కపెడితే 20వవారూ 24వవారూ సంయుక్తులని రుజువైంది, కానీ వారిని భాగించే సంఖ్య ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. వారితో పోలిస్తే తమ ఔదార్యం ఎంతటిది! అడిగిన అయిదో ప్రశ్నకే 641ను చేతిలో పెట్టారు.

సంఖ్యాసార్వభౌమా, విన్నపం ఒక్కటే. తమ వంశక్రమంలో 33వవారి గురించి గణకులు ఎదురుచూస్తున్నారు. తమరు నేర్పిన పద్ధతిలో బయటి సౌష్ఠవం చూసి తీర్పు చెప్పే ధైర్యం ఇప్పుడు ఎవరికీ లేదు. ఆయనకు సుమారు 258 కోట్ల అంకెలు ఉన్నాయి. ఆయన ప్రధాన సంఖ్యా కాదా అన్నది ఇంకా తేలలేదు.